బోరు నీళ్ళ ట్యాంకులో కొత్త ఆకులు వంకర తిరిగి పాలిపోతున్నాయి, కారణం చెప్పగలరా?

పచ్చనీరు (మియాపూర్, హైదరాబాద్)

అందరికీ నమస్కారం. మా ఇంట్లోని రెండడుగుల ట్యాంకులో మొక్కలు కొన్ని నెలలుగా కోలుకోవడం లేదు. ట్యాంకు పొడవు 24 అంగుళాలు, వెడల్పు 12, ఎత్తు 15. గ్రావెల్, రాళ్ళు పోగా దాదాపు 60 లీటర్ల నీళ్ళు నిలుస్తాయి. అడుగున సన్న గ్రావెల్ మాత్రమే ఉంది, వేళ్ళ దగ్గర ఎరువు బిళ్ళలు పెడుతున్నాను. 20 వాట్ల ఎల్‌ఈడీ లైటు రోజుకు తొమ్మిది గంటలు వెలుగుతుంది. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ లేదు. వారానికి ఒకసారి మూడో వంతు నీళ్ళు మారుస్తాను. గప్పీలు, రామ్స్‌హార్న్ నత్తలు ఉన్నాయి.

అమెజాన్ స్వోర్డ్ పాత ఆకులు ముదురు పచ్చగా, నిటారుగానే ఉన్నాయి. నడి మొవ్వులోంచి వచ్చే కొత్త ఆకులు మాత్రం పాలిపోయి, వేలెడు పొడవు రాకముందే కొన కిందికి కొక్కెంలా వంగిపోతోంది. అంచులు ముడుచుకుని, కొన గోధుమరంగుకు మారి ఎండినట్టు అవుతోంది. ఈ వంకర ఆకుల మధ్య ఒకే ఒక్క ఆకు చక్కగా, పూర్తి పొడవుతో వచ్చింది. దాని తర్వాత వచ్చినవి మళ్ళీ వంకరే. వాలిస్నేరియా ఆకులు మొదలు దగ్గర జావలా కరిగి పైకి తేలుతున్నాయి. క్రిప్టోకొరైన్ వెండ్టీ ఒకసారి మొత్తం కరిగిపోయి, మళ్ళీ చిన్న చిన్న ఆకులు వేసి, మళ్ళీ కరిగింది. కర్రకు కట్టిన అనుబియాస్ నానా బాగానే ఉంది కానీ పాత ఆకుల్లో సూదితో పొడిచినట్టు రంధ్రాలు పడి, వాటి చుట్టూ పసుపు వలయం కనిపిస్తోంది.

నీళ్ళు అపార్ట్‌మెంట్ బోరువి. టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్న మొత్తం లవణాలు) 780, పీహెచ్ 8.2, అమ్మోనియా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ 10 నుంచి 20 మధ్య. ఇంత కఠినమైన నీళ్ళలో మొక్కలు బతకవనీ, పూర్తిగా ఆర్వో నీళ్ళకు మారమనీ దుకాణంలో చెప్పారు. మారే ముందు అసలు కారణం తెలుసుకోవాలని ఇక్కడ రాస్తున్నాను.

కొల్లేటి గట్టు (ఏలూరు)

పచ్చనీరు గారూ, వివరాలన్నీ ఒకేచోట ఇచ్చినందుకు సంతోషం. కఠినమైన నీళ్ళలో మొక్కలు బతకవన్న మాటను మాత్రం నేను ఒప్పుకోను. వాలిస్నేరియా, హైడ్రిల్లా, హార్న్‌వర్ట్ మా కొల్లేరులోనూ, చుట్టుపక్కల కాలువల్లోనూ వాటంతట అవే పెరుగుతాయి. నీటిలో కార్బన్ డయాక్సైడ్ చాలనప్పుడు బైకార్బొనేటును వాడుకోగల శక్తి వాలిస్నేరియాకూ హైడ్రిల్లాకూ ఉంది. అందువల్ల మామూలు బోరు నీళ్ళలో అన్నిటికంటే ముందు నిలదొక్కుకోవలసింది వాలిస్నేరియాయే. అదే కరిగిపోతోందంటే వేరే కారణం వెతకాలి.

రెండు విషయాలు చెప్పండి. మీరు లిక్విడ్ కార్బన్ పేరుతో అమ్మే ద్రావణం ఏదైనా వేస్తున్నారా? వాలిస్నేరియా ఆకుల మీద గరుకుగా తెల్లని పొర ఏమైనా కడుతోందా?

నానా నీడ (బెంగళూరు)

నాకు ఇది సూటిగా కార్బన్ డయాక్సైడ్ లోపమే అనిపిస్తోంది. రెండడుగుల ట్యాంకుకు 20 వాట్ల లైటు తక్కువేమీ కాదు. వెలుతురు ఎక్కువగా ఉండి కార్బన్ అందకపోతే మొక్క ఆగిపోతుంది, పాచి పెరుగుతుంది. సిలిండర్, రెగ్యులేటర్ పెట్టుకుంటే సగం సమస్యలు తీరతాయి. అంత ఖర్చు వద్దనుకుంటే లైటును ఆరు గంటలకు తగ్గించి చూడండి.

పచ్చనీరు

కొల్లేటి గట్టు గారూ, లిక్విడ్ కార్బన్ వేస్తున్నాను. ఫిల్టర్ మూతి దగ్గర నల్లని గడ్డం పాచి వచ్చినప్పటి నుంచి సీసా మీద రాసినదానికి రెట్టింపు మోతాదులో రోజూ వేస్తున్నాను. పాచి తగ్గింది. వాలిస్నేరియా ఆకుల మీద తెల్లని పొర లేదు, ఆకు నున్నగానే ఉంది. నానా నీడ గారూ, లైటు నేటి నుంచి ఆరున్నర గంటలకు తగ్గించాను.

కొల్లేటి గట్టు

అయితే వాలిస్నేరియా సంగతి సగం తేలినట్టే. ఆ ద్రావణంలో ఉండేది గ్లూటరాల్డిహైడ్. ఆసుపత్రుల్లో పరికరాలను క్రిమిరహితం చేయడానికి వాడేది అదే. పాచిని చంపుతుంది కాబట్టే నల్ల పాచి తగ్గింది. కానీ వాలిస్నేరియా దాన్ని తట్టుకోలేదు. మామూలు మోతాదులోనే కొన్ని ఇళ్ళలో కరిగిపోతుంది, రెట్టింపు అయితే చెప్పనక్కర్లేదు. ఈ రోజే ఆపేయండి. వేళ్ళు తెల్లగా, గట్టిగా ఉంటే మొక్కను పీకవద్దు, కరిగిన ఆకులు మాత్రం తీసేయండి.

అయితే అమెజాన్ స్వోర్డ్ కొత్త ఆకుల వంకరకు గ్లూటరాల్డిహైడ్ కారణమని నేను అనుకోవడం లేదు. దానిది వేరే వ్యవహారం. ఆకుల మీద తెల్లని పొర లేదన్న మాట కూడా నాకు వింతగానే ఉంది. 8.2 పీహెచ్ ఉన్న బోరు నీళ్ళలో, బలమైన లైటు కింద, పొర కట్టకపోవడం నేను అరుదుగా చూశాను. తెలిసినవారు చెప్పాలి.

పైరుపచ్చ (అనంతపురం)

నేను వ్యవసాయ రంగంలో పని చేస్తున్నాను, అక్వేరియం నాకు ఇంటి దగ్గరి ఇష్టం. పొలంలో మొక్కను చూసినప్పుడు మేము మొదట అడిగే ప్రశ్న, లక్షణం పాత ఆకుల్లో ఉందా, కొత్త ఆకుల్లో ఉందా అన్నది. నీటి మొక్కలకూ ఆ ప్రశ్నే వర్తిస్తుంది.

నత్రజని, భాస్వరం, పొటాషియం, మెగ్నీషియం మొక్క లోపల కదలగలవు. కొరత వచ్చినప్పుడు మొక్క వాటిని పాత ఆకుల నుంచి లాగి కొత్త ఆకులకు పంపుతుంది కాబట్టి పాత ఆకులే ముందు చెడతాయి. మీ అనుబియాస్ పాత ఆకుల్లో పసుపు వలయంతో పడిన రంధ్రాలు పొటాషియం లోపానికి సరిపోతాయి. కాల్షియం, ఇనుము, బోరాన్ అలా కదలవు. ఒకసారి ఆకులో చేరాక అక్కడే ఉండిపోతాయి. కొత్త ఆకుకు కావలసినది అప్పటికప్పుడు బయటి నుంచి రావాలి. మీ అమెజాన్ స్వోర్డ్‌లో పాత ఆకులు పచ్చగా ఉండి మొవ్వు చెడుతోంది కాబట్టి లోపం ఈ రెండో గుంపులోనిదే.

వేరుశనగ రైతులకు ఇది బాగా తెలిసిన విషయం. ఊడలు దిగే సమయంలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేయమని చెప్పేది ఇందుకే. ఆకుల్లో ఎంత కాల్షియం ఉన్నా అది కిందికి దిగి కాయకు చేరదు, భూమిలో ఉన్న కాయ తన చుట్టూ ఉన్న మట్టి నుంచే కాల్షియం పీల్చుకోవాలి. అక్కడ లేకపోతే గింజ నిండక తాలు కాయలు మిగులుతాయి.

ఇక ఇనుమా, కాల్షియమా అన్నది ఆకు ఆకారం చెబుతుంది. ఇనుము చాలకపోతే కొత్త ఆకు పసుపుగానో, తెల్లగానో వస్తుంది, ఈనెలు మాత్రం పచ్చగా నిలుస్తాయి, ఆకారం చెడదు. కాల్షియం చాలకపోతే ఆకారమే చెడుతుంది: కొన కొక్కెంలా వంగుతుంది, అంచు ముడుచుకుంటుంది, పెరిగే చోటు చచ్చిపోతుంది. మీరు రెండు లక్షణాలూ చెప్పారు. పీహెచ్ 8.2 దగ్గర ఇనుము అందకపోవడం సహజమే, కానీ వంకరకు మాత్రం కాల్షియం లోపమే సరిపోతోంది.

నానా నీడ

పైరుపచ్చ గారి వివరణ బాగుంది, కానీ నాకు ఒక చోట పొసగడం లేదు. టీడీఎస్ 780 ఉన్న హైదరాబాద్ బోరు నీళ్ళలో కాల్షియం లోపమా? ఆ నీళ్ళలో పప్పు కూడా ఉడకదు కదా. కాల్షియం అవసరానికి మించి ఉండాలి.

కృష్ణాతీరం (విజయవాడ)

నానా నీడ గారి ప్రశ్నలోనే అసలు చిక్కు ఉంది. టీడీఎస్ మీటరు నీటిలో విద్యుత్తు ఎంత ప్రవహిస్తోందో కొలిచి ఒక అంకెను చూపిస్తుంది. ఆ అంకెలో కాల్షియం ఎంతో, మెగ్నీషియం ఎంతో, సోడియం ఎంతో అది చెప్పలేదు. కొల్లేటి గట్టు గారు గమనించిన విషయం నాకు చాలా ముఖ్యంగా కనిపిస్తోంది. కార్బొనేటు ఎక్కువగా ఉండి, వాలిస్నేరియా బైకార్బొనేటును వాడుకుంటుంటే ఆకు మీద సున్నపు పొర కట్టాలి. పొర కట్టలేదంటే సున్నం కావడానికి కావలసిన కాల్షియమే నీటిలో లేదేమో చూడాలి.

పచ్చనీరు గారూ, పైసా ఖర్చు లేని మూడు పరీక్షలు చేసి చెప్పండి. మొదటిది: ట్యాంకు అద్దం మీద నీటి మట్టం దగ్గర తెల్లని గీత ఉంటుంది కదా, దాన్ని తడిగుడ్డతో తుడవండి. సున్నం అయితే తడిగుడ్డకు రాదు, వెనిగర్ వేసి రుద్దాలి. రెండోది: ఈ నీళ్ళలో స్నానం సబ్బు ఎలా నురుగు వస్తోందో చూడండి. మూడోది: మీ భవనంలో నీటి శుద్ధి యంత్రం ఏదైనా ఉందేమో, దానికి ఉప్పు బస్తాలు వస్తాయేమో కాపలాదారుని అడగండి.

పచ్చనీరు

కృష్ణాతీరం గారూ, మూడూ చూశాను. తెల్లని గీత తడిగుడ్డతో ఒక్కసారి తుడవగానే పోయింది. అద్దం శుభ్రంగా ఉంది, వెనిగర్ అవసరమే రాలేదు. సబ్బు కొద్దిగా రుద్దినా గుప్పెడు నురుగు వస్తోంది, ఎంత కడిగినా చేతికి జారుడు పోవడం లేదు. సెల్లార్‌లో పంపుల గది పక్కన సాఫ్ట్‌నర్ ఉందనీ, ఉప్పు బస్తాలు క్రమంగా వస్తాయనీ నిర్వహణ చూసే వ్యక్తి చెప్పారు. మధ్యలో ఒకసారి ఉప్పు సరఫరా కొన్ని రోజులు ఆగిందనీ, అప్పుడు గీజర్లలో సున్నం పడుతోందని ఫిర్యాదులు వచ్చాయనీ కూడా అన్నారు. అమెజాన్ స్వోర్డ్‌లో ఆ ఒక్క మంచి ఆకు వచ్చింది దాదాపు ఆ రోజుల్లోనే.

కృష్ణాతీరం

ఆ ఒక్క ఆకే మనకు కావలసిన సాక్ష్యం. సాఫ్ట్‌నర్ ఆగిన రోజుల్లో అసలు బోరు నీళ్ళు మీ ట్యాంకులోకి వచ్చాయి, వాటిలోని కాల్షియంతో ఆకు పూర్తిగా విచ్చుకుంది. సాఫ్ట్‌నర్ మళ్ళీ మొదలవగానే తర్వాతి ఆకు వంకర తిరిగింది.

సాఫ్ట్‌నర్ తొట్టిలో రెజిన్ పూసలు ఉంటాయి. వాటికి సోడియం అంటుకుని ఉంటుంది. బోరు నీళ్ళు వాటి మీదుగా వెళ్ళేటప్పుడు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం పూసలకు అంటుకుంటాయి, బదులుగా సోడియం నీటిలోకి దిగుతుంది. పూసలు నిండిపోయాక గాఢమైన ఉప్పు నీళ్ళతో కడిగి మళ్ళీ సోడియం ఎక్కిస్తారు, బస్తాలు వచ్చేది అందుకే. ఇందులో ఒక లవణం పోయి ఇంకొకటి వస్తుంది తప్ప మొత్తం తగ్గదు. అందువల్ల టీడీఎస్ దాదాపు అంతే ఉంటుంది, కార్బొనేటు కూడా కదలదు, పీహెచ్ కూడా ఎక్కువగానే నిలుస్తుంది. గీజర్‌కూ, బట్టలకూ, కుళాయిలకూ ఈ నీళ్ళు మంచివే. మొక్కకు మాత్రం కాల్షియం, మెగ్నీషియం రెండూ ఒకేసారి కరువవుతాయి. లీటరుకు 100 మి.గ్రా. కాఠిన్యం తీసివేస్తే దాదాపు 46 మి.గ్రా. సోడియం నీటిలో చేరుతుంది. సోడియం అంత పెరిగితే మొక్క పొటాషియం తీసుకోవడం కూడా తగ్గుతుంది, కాబట్టి అనుబియాస్ రంధ్రాలను కూడా దీని నుంచి విడదీసి చూడనవసరం లేదు.

క్రిప్టోకొరైన్ పదే పదే కరగడానికీ ఇదే మార్గం చూపిస్తోంది. పూసలు కొత్తగా కడిగినప్పుడు కాఠిన్యం సున్నాకు దగ్గరగా ఉంటుంది, నిండిపోయే సమయానికి మెల్లగా పెరుగుతుంది, ఉప్పు అయిపోతే ఒక్కసారిగా ఎగబాకుతుంది. నీటి గుణం ఇలా ఊగిసలాడితే క్రిప్టోకొరైన్ తట్టుకోలేదు. ఆకులన్నీ వదిలేసి దుంపతో మళ్ళీ మొదలుపెడుతుంది.

ఇదంతా ఇంకా ఊహే. జీహెచ్ (కాల్షియం, మెగ్నీషియం కలిపిన మొత్తం కాఠిన్యం), కేహెచ్ (కార్బొనేటు, బైకార్బొనేటుల కొలత) చుక్కల పరీక్ష తెప్పించి కుళాయి నీళ్ళు, సాఫ్ట్‌నర్‌కు ముందు తీసిన బోరు నీళ్ళు, ట్యాంకు నీళ్ళు, మూడూ కొలిచి చెప్పండి. పరీక్షనాళికలో రంగు మారేదాకా వేసిన ఒక్కో చుక్క ఒక డిగ్రీ, అంటే లీటరుకు దాదాపు 18 మి.గ్రా. కాల్షియం కార్బొనేటుకు సమానం.

వలసపక్షి (ఫ్రిస్కో, టెక్సస్)

ఇక్కడ చాలా ఇళ్ళలో గరాజ్‌లో సాఫ్ట్‌నర్ ఉంటుంది, అక్వేరియం పెట్టేవారికి ఈ సమస్య కొత్త కాదు. ఇక్కడ సాధారణంగా ఇంటి బయట తోటకు పెట్టిన కుళాయికి సాఫ్ట్‌నర్ నీళ్ళు ఇవ్వరు, కాబట్టి మేము ట్యాంకు నీళ్ళు ఆ కుళాయి నుంచే పట్టుకుంటాం. అక్కడా అలాంటి కుళాయి ఉందేమో చూడండి.

కృష్ణాతీరం

వలసపక్షి గారి సూచన మంచిది, ఒక జాగ్రత్తతో. మన పెద్ద అపార్ట్‌మెంట్లలో తోట కుళాయికి చాలాచోట్ల మురుగును శుద్ధి చేసిన నీళ్ళే ఇస్తారు. ఆ నీళ్ళు ట్యాంకులో పోయకూడదు. ఏ గొట్టం ఎక్కడి నుంచి వస్తోందో అడిగి తెలుసుకున్నాకే పట్టండి. సాఫ్ట్‌నర్‌కు ముందు నమూనా తీయడానికి చిన్న కుళాయి ఉంటే అది అన్నిటికంటే మేలు.

పచ్చనీరు

పరీక్ష తెప్పించి కొలిచాను. సాఫ్ట్‌నర్‌కు ముందు బోరు నీళ్ళు: జీహెచ్ 24, కేహెచ్ 16. స్నానాల గది కుళాయి: జీహెచ్ 1, కేహెచ్ 16. ట్యాంకు: జీహెచ్ 2, కేహెచ్ 15. కుళాయి నీళ్ళకు ఒకే ఒక్క చుక్కతో రంగు మారిపోయింది. బోరు నీళ్ళకు చుక్కలు లెక్కపెడుతూ సీసా ఖాళీ అవుతుందేమో అనిపించింది. టీడీఎస్ రెండింటికీ ఇంచుమించు ఒకటే.

వంటింట్లో ఆర్వో యంత్రం ఉంది, దాని నీళ్ళు టీడీఎస్ 70 చూపిస్తున్నాయి. మంజీరా నీళ్ళు మా భవనానికి వస్తాయి కానీ బోరుతో కలిసి ఒకే సంపులో పడతాయి, విడిగా పట్టే వీలు లేదు. నేనిప్పుడు ఏ నీళ్ళు వాడాలి?

పైరుపచ్చ

అంకెలు చాలా స్పష్టంగా ఉన్నాయి. జీహెచ్ 24 అంటే లీటరుకు సుమారు 430 మి.గ్రా. కాఠిన్యం, అదంతా మారి ఇప్పుడు మీ కుళాయిలో దాదాపు 200 మి.గ్రా. సోడియం అదనంగా వస్తోంది.

మీ చేతిలో ఉన్నవాటిలో మేలైన దారి, సాఫ్ట్‌నర్‌కు ముందు తీసిన బోరు నీళ్ళు ఒక వంతు, ఆర్వో నీళ్ళు మూడు వంతులు కలపడం. జీహెచ్ 6, కేహెచ్ 4 దగ్గరకు వస్తుంది. మీరు పెంచే మొక్కలన్నిటికీ అది సరిపోతుంది. బోరు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం, కార్బొనేటు అన్నీ ఒక పొందికతో వస్తాయి, తూకం వేసుకునే పని ఉండదు.

బోరు నీళ్ళు పట్టే వీలు లేని వారం ఆర్వో నీళ్ళలో లవణాలు కలుపుకోవచ్చు. 20 లీటర్ల క్యానుకు జిప్సం 1.8 గ్రాములు, ఎప్సం సాల్ట్ 0.9 గ్రాములు వేస్తే జీహెచ్ 4 వస్తుంది, అందులో మూడు వంతులు కాల్షియం, ఒక వంతు మెగ్నీషియం. జిప్సం మెల్లగా కరుగుతుంది. ముందు రోజు రాత్రి వేసి గాలి రాయితో కలియబెట్టి వదిలేయండి. ఎరువుల దుకాణంలో పొలానికి అమ్మే జిప్సంలో మట్టి, ఇతర పదార్థాలు ఉంటాయి కాబట్టి ప్రయోగశాలకు అమ్మే శుద్ధమైనదే కొనండి. ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ రసాయనికంగా దగ్గరిదే అయినా దాన్ని వాడవద్దు.

పొటాషియం కోసం సల్ఫేట్ ఆఫ్ పొటాష్ మీ ట్యాంకుకు 1.4 గ్రాములు వేస్తే లీటరుకు దాదాపు 10 మి.గ్రా. పొటాషియం చేరుతుంది. మొదటిసారి అంత వేసి, తర్వాత నీళ్ళు మార్చినప్పుడల్లా మార్చిన నీటి వంతుకు సరిపడా వేయండి.

ఒక హెచ్చరిక. కొత్త ఆకులు పసుపుగా ఉన్నాయని అన్నభేది (ఐరన్ సల్ఫేట్) కొని ట్యాంకులో వేయవద్దు. పొలంలో లీటరుకు 5 గ్రాముల అన్నభేదిని నిమ్మ ఉప్పుతో కలిపి ఆకుల మీద పిచికారీ చేయిస్తాం, అది వేరే సందర్భం. ఈ పీహెచ్ ఉన్న ట్యాంకు నీటిలో అది నిమిషాల్లో తుప్పుగా మారి అడుగుకు చేరుతుంది. ముందు కాఠిన్యం సరిచేయండి, ఇనుము సంగతి తర్వాత చూద్దాం.

గప్పీగూడు (గుంటూరు)

మొక్కల మాటల్లో చేపలను మరచిపోవద్దని నా మనవి. మీ గప్పీలు నెలల తరబడి టీడీఎస్ 780 ఉన్న నీటికి అలవాటు పడ్డాయి. సగం ట్యాంకు ఒకేసారి పల్చని నీళ్ళతో నింపితే వాటి ఒంటిలోకి నీరు చొరబడి, అవి తట్టుకోలేక చనిపోవచ్చు. ఒక్కోసారి పదో వంతు మాత్రమే, రెండు మూడు రోజుల ఎడంతో, సన్నని గొట్టం ద్వారా మెల్లగా నింపండి. గప్పీలకు కాఠిన్యం ఉన్న నీళ్ళంటే ఇష్టమే, కాబట్టి చివరికి వాటికి కూడా మేలే జరుగుతుంది.

ఇంకొకటి, వంటింటి ఆర్వో యంత్రాల్లో టీడీఎస్ కంట్రోలర్ అనే చిన్న మర ఉంటుంది. రుచి కోసం అది వడకట్టని నీళ్ళను కొంత కలుపుతుంది. మీ ఇంట్లో వడకట్టనిదంటే సాఫ్ట్‌నర్ నీళ్ళే, అంటే సోడియమే. టీడీఎస్ 70 అందులోంచే వస్తూ ఉండవచ్చు. మెకానిక్ వచ్చినప్పుడు ట్యాంకు కోసం ఆ మరకు ముందు నుంచి నీళ్ళు పట్టే ఏర్పాటు చేయించుకోవడం మంచిది.

అనుబియాస్ రంధ్రాలు నత్తల పనేమో అని ఎవరూ అడగలేదు కాబట్టి చెబుతున్నాను. రామ్స్‌హార్న్ నత్తలు ఆరోగ్యంగా ఉన్న అనుబియాస్ ఆకును కొరకవు, అప్పటికే కుళ్ళిన భాగాన్నే తింటాయి. నత్తలను నిందించి మందు వేయవద్దు. వాటి గుల్లలను ఒకసారి దగ్గరగా చూడండి, కొత్తగా పెరిగిన అంచు పల్చగా, పారదర్శకంగా ఉంటే అది కూడా కాల్షియం సంగతే చెబుతుంది.

పచ్చనీరు

చూశాను. గుల్ల మధ్య భాగంలో తెల్లని గుంటలు పడ్డాయి, బయటి అంచు కాగితంలా పల్చగా ఉంది, వేలికి తగిలితే విరిగేలా ఉంది. గప్పీగూడు గారు చెప్పినట్టే పదో వంతు చొప్పున మార్చడం మొదలుపెట్టాను. బోరు నీళ్ళు పంపుల గదిలో నమూనా కుళాయి నుంచి పట్టుకోవడానికి నిర్వాహకులు అనుమతించారు.

నానా నీడ

పచ్చనీరు గారూ, ఈ చర్చ చదివాక నేను మొదట చెప్పిన సిలిండర్ సలహాను పక్కన పెట్టవచ్చునని స్పష్టంగా చెప్పాలి. కాల్షియం లేని నీటిలో కార్బన్ డయాక్సైడ్ ఇస్తే మొక్క వేగంగా పెరగడానికి ప్రయత్నించి ఇంకా ఎక్కువ వంకర ఆకులు వేసేది. లైటు తగ్గించడం మాత్రం కొనసాగించండి. లిక్విడ్ కార్బన్ ఆపారు కాబట్టి నల్ల పాచి మళ్ళీ రావచ్చు. వస్తే ఆ ఆకులను కత్తిరించండి, ఫిల్టర్ మూతిని బయటకు తీసి రుద్దండి, ట్యాంకు మొత్తానికి మందు పోయవద్దు.

పచ్చనీరు

కొన్ని వారాల తర్వాత రాస్తున్నాను. ట్యాంకు ఇప్పుడు జీహెచ్ 6, కేహెచ్ 5, పీహెచ్ 7.6, టీడీఎస్ 310 దగ్గర ఉంది. చేపలన్నీ క్షేమం.

అమెజాన్ స్వోర్డ్‌లో వంకర ఆకుల తర్వాత వచ్చిన మొదటి ఆకు కొన కొద్దిగా వంగినా పొడవు పెరిగింది; రెండోది పూర్తిగా నిటారుగా విచ్చుకుంది. పాత వంకర ఆకులు మాత్రం అలాగే ఉన్నాయి. వాలిస్నేరియా దుబ్బు నుంచి రెండు కొత్త పిలకలు గ్రావెల్ మీద పాకుతూ వచ్చాయి. క్రిప్టోకొరైన్ మళ్ళీ కరగలేదు. అనుబియాస్‌లో కొత్త రంధ్రాలు పడలేదు.

ఒకటి మిగిలింది. నిటారుగా వచ్చిన స్వోర్డ్ ఆకు కూడా లేత పసుపుగానే ఉంది, ఈనెలు మాత్రం స్పష్టంగా పచ్చగా కనిపిస్తున్నాయి.

పైరుపచ్చ

అది ఇనుమే. ఆకారం బాగుపడి రంగు రాకపోవడం మంచి సూచన, ఎందుకంటే రెండు లోపాలూ ఇప్పుడు విడివిడిగా కనిపిస్తున్నాయి. ఒకేసారి అన్నీ వేసి ఉంటే ఏది దేనికి పని చేసిందో మనకు తెలిసేది కాదు.

ఇనుమును నీటిలో కరిగి ఉండేలా పట్టి ఉంచే చీలేట్లలో తేడాలున్నాయి. దుకాణాల్లో ఎక్కువగా దొరికే ఈడీటీఏ ఇనుము పీహెచ్ 6.5 దాటితే పట్టు సడలిపోతుంది. డీటీపీఏ దాదాపు 7.5 వరకు ఆగుతుంది. ఈడీడీహెచ్ఏ అంతకంటే పై పీహెచ్‌లోనూ నిలుస్తుంది కానీ నీళ్ళకు ఎర్రని ఛాయ వస్తుంది. మీ 7.6 దగ్గర డీటీపీఏ కొన్న డబ్బుకు న్యాయం చేస్తుంది. 11 శాతం ఇనుమున్న పొడిని 5.5 గ్రాములు తీసుకుని లీటరు ఆర్వో నీటిలో కలిపి, వెలుతురు తగలని సీసాలో పెట్టండి. వారానికి రెండుసార్లు ఉదయం లైటు వెలగడానికి ముందు 10 మి.లీ. వేస్తే లీటరుకు 0.1 మి.గ్రా. ఇనుము అందుతుంది. ఫలితాన్ని ఇప్పుడున్న పసుపు ఆకులో వెతకవద్దు. తర్వాత మొవ్వులోంచి వచ్చే ఆకును చూడండి.

వంకర ఆకులు ఇక తిన్నగా కావు. వాటిని ఒకేసారి కోయకుండా, కొత్త ఆకు ఒకటి పూర్తిగా విచ్చుకున్నప్పుడల్లా పాతది ఒకటి మొదలు దాకా కత్తిరిస్తూ వెళ్ళండి.

కొల్లేటి గట్టు

ఎండాకాలం రాబోతోంది కాబట్టి ఒక్క మాట. ట్యాంకు నీళ్ళు 32 డిగ్రీలు దాటినప్పుడు చాలామంది మూత తీసి ఫ్యాన్ పెడతారు, రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, మంచిదే. కానీ ఆవిరైపోయేది నీరు మాత్రమే, లవణాలు ట్యాంకులోనే ఉండిపోతాయి. తగ్గిన మట్టాన్ని మీరు తయారు చేసుకున్న మిశ్రమంతో నింపితే వారం వారం జీహెచ్, టీడీఎస్ పెరుగుతూ పోతాయి. ఆవిరైన మేరకు ఆర్వో నీళ్ళే పోయండి, మిశ్రమాన్ని నీళ్ళు మార్చే రోజుకు మాత్రమే వాడండి. అద్దం మీద నీటి మట్టం దగ్గర చిన్న స్టిక్కరు అంటించుకుంటే ఎంత తగ్గిందో వెంటనే తెలుస్తుంది.

పచ్చనీరు

స్టిక్కరు అంటించాను. డీటీపీఏ ఇనుము తెప్పిస్తున్నాను. మా భవనంలో ఇంకో రెండు ఇళ్ళలో అక్వేరియంలు ఉన్నాయి, అక్కడా స్వోర్డ్ మొవ్వులు వంకరగానే ఉన్నాయని నిన్ననే చూశాను. జీహెచ్ పరీక్ష సీసా వాళ్ళకు ఇచ్చి వచ్చాను. అంకెలు రాగానే ఇక్కడే రాస్తాను.